మాట్లాడే ఫారిన్ బీపీ మిషను

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఆ రోజుల్లో నేనూ అంతే. ఏ వస్తువు మంచిదో, ఏది నాసిరకమో పెట్టె చూసి చెప్పగలనన్న ధీమా నాకు మొదటి జీతంతో పాటే వచ్చింది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పనిచేసేదాన్ని. లెక్కల టీచరును. (ఈ సంగతి దాచిపెట్టాలనే చూశాను. కానీ తర్వాత జరిగింది చెప్పాలంటే ఒప్పుకోక తప్పదు.)

బెల్లంపల్లిలో బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్లో మా బాపు, అవ్వ ఉండేవాళ్ళు. (మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ అంటాం.) బాపు రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంది. సామాను విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలు. బాపుది ఫారిన్ పార్టీ. ఆయన పనిచేసిన గనిలో ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చిన మిషన్ ఒకటి ఆయన సర్వీసంతా ఆగకుండా నడిచిందట. "గా ఇనుమే వేరు బిడ్డా" అనేవాడు, చుట్టాల గురించి చెప్పినంత ప్రేమగా. అవ్వ సిరిసిల్లలో మరమగ్గాల ఇంటి ఆడపిల్ల. ఏ బట్టనైనా వేళ్ళ మధ్య నలిపి చూసి గానీ కొనదు. ఆమె సిద్ధాంతం ఒక్కటే: "చేసినోళ్ళెవలో ఎరుకలేని సామాను ఖరాబైతే ఎవల్ని తిడ్తం?" టీవీ బాపు కొన్నది, మిక్సీ అవ్వ కొన్నది. ఒకటి చెడిపోయినప్పుడల్లా రెండో పార్టీ ఆ పూట కడుపునిండా అన్నం తినేది.

ఇలా ఉండగా దవాఖానలో బాపుకు బీపీ కొంచెం అంచు మీద ఉందనీ, అప్పుడప్పుడు చూపించుకొమ్మనీ చెప్పారు. మొదటి జీతంతో ఏం కొనాలా అని తికమక పడుతున్న నాకు దారి దొరికింది. టవర్ సర్కిల్ దగ్గర ఒక దుకాణానికి వెళ్ళి బీపీ మిషన్ అడిగాను. "మనదియ్యాల్నా, ఫారిన్‌దియ్యాల్నా మేడం?" అన్నాడు దుకాణదారు. బడి బయట నన్ను మేడం అన్నది అదే మొదటిసారి. ఆ సంబరంలో ఉండగానే పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన, "మనది కొనుక్కో బిడ్డా, రేపు పాడైతే పార్టులు దొరుకుతయి" అన్నాడు. ఆయన మాట నిజమే అనిపించింది. వెంటనే చేతిలో హెల్మెట్ పట్టుకున్న ఇంకొకాయన, "మనది కొంటే గా పార్టుల కోసమే తిరగాలె. ఫారిన్‌ది కొంటే తిరుగుడే ఉండది" అన్నాడు. ఆయన మాటా నిజమే అనిపించింది. ఇద్దరూ నన్ను వదిలేసి ఒకరితో ఒకరు లొల్లి పెట్టుకున్నారు. నేను చివరికి పెట్టె నున్నగా ఉందని ఫారిన్‌దే తీసుకున్నాను. "గిది మాట్లాడుతది కూడా మేడం" అన్నాడు దుకాణదారు. ఏ భాషలో అని అతను చెప్పలేదు, నేను అడగలేదు.

ఆదివారం పొద్దున బెల్లంపల్లిలో బాపు కొత్త చొక్కా వేసుకొని కుర్చీలో కూర్చున్నాడు. (బీపీ చూపించుకోవడానికి కొత్త చొక్కా ఎందుకో నాకిప్పటికీ తెలియదు.) చేతికి పట్టీ చుట్టి మీట నొక్కాను. అది బుసబుసమని ఉబ్బింది, తగ్గింది, ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత లోపలి నుంచి ఒక ఆడమనిషి గొంతు, చాలా గట్టిగా, చాలా కోపంగా, మా వంశంలో ఎవరూ వినని భాషలో నాలుగు మాటలంది. బాపు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. అవ్వ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఎవలే గామె? బాపు మీద ఎందుకు ఒర్రుతంది?"

నేను తెర మీది అంకెలు చూశాను. నూట ఎనభై నాలుగు, నూట పదిహేడు. నూట నలభై దాటితేనే ఎక్కువంటారు. బాపు మాత్రం ఫారిన్ మిషన్ మీద నమ్మకం వదలకుండా, "అది అబద్ధం చెప్పది బిడ్డా. నాకే ఏదో అయింది" అన్నాడు.

అంతలో పక్క క్వార్టర్ కాక వచ్చాడు. ఏ వస్తువు కొన్నా దాని వారంటీ కార్డు జేబులో పెట్టుకొని తిరుగుతాడని ఆయన్ని అందరం వారంటీ కాక అంటాం. పెట్టెలోంచి వారంటీ కాగితం తీసి చదవబోయాడు. అది తలకిందులుగా ఉందో సరిగ్గా ఉందో తేల్చుకోలేక చాలాసేపు తిప్పాడు. "జర నాకు పెట్టు, మిషన్‌దా తప్పు, అన్నదా తప్పు తేలుతది" అని చెయ్యి చాపాడు. మిషన్‌లో ఆమె కాకనూ అదే కోపంతో తిట్టింది. నూట తొంభై రెండు. కాక అక్కడే గడప మీద కూలబడి, "వదినా, జరన్ని మంచినీళ్ళియ్యి" అన్నాడు.

"మన రగతం దానికేం ఎరుక? మీకు పిచ్చి లేసిందా?" అని అవ్వ నవ్వింది. నవ్వుతూనే, "ఏదీ, నన్నేమంటదో చూద్దాం" అని తన చేతికీ చుట్టించుకుంది. రెండు వందల ఇరవై ఆరు! ఇంకెవరికీ నవ్వు రాలేదు. ఒకే ఆటోలో అందరం దవాఖానకు బయలుదేరాం. బాపు అవ్వను పట్టుకున్నాడు, అవ్వ బాపును పట్టుకుంది, కాక మిషన్‌ను పట్టుకున్నాడు.

దవాఖానలో సిస్టర్ మేం చెప్పింది విని, మిషన్ చేతిలోకి తీసుకొని, మళ్ళీ ఒకసారి కాక మీద నడిపించింది. తెర వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది.

"నువ్వేం చేస్తవమ్మా?"

"లెక్కల టీచర్ని" అన్నాను.

"మరి అంకెల నడుమ చుక్క కనబడ్తలేదా?"

కనబడింది. అప్పుడు కనబడింది. నూట తొంభై రెండు కాదు, పంతొమ్మిది పాయింటు రెండు. "గీ మిషన్ వేరే దేశపోళ్ళ కొలతల, కిలోపాస్కల్లల్ల చూపిస్తంది. మన పాదరసం లెక్కల గిది నూట నలభై నాలుగే" అని చెప్పి వెనక మీట ఏదో నొక్కి సరిచేసింది. బాపుది కొంచెమే ఎక్కువ, వయసుకు తగ్గట్టే ఉందంది. కాకదీ అంతే, ఫికర్ లేదంది. అందరం గట్టిగా నవ్వాం. అవ్వ అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మరీ నవ్వింది. సిస్టర్ మాత్రం నవ్వలేదు. అవ్వ చేతికి దవాఖాన పట్టీ చుట్టి రెండుసార్లు చూసింది.

"అమ్మా, మీరు లేవకుండ్రి. డాక్టర్ను పిలుస్త. తలనొస్తదా మీకు?"

"రోజూ నొస్తది. బామ్ రాసుకుంట" అంది అవ్వ, అదేదో అందరూ చేసే పనే అన్నట్టు.

మా ఇంట్లో బీపీ ఉన్నది అవ్వకు. ఎన్నాళ్ళ నుంచో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం నుంచి మందు గోలీలు మొదలయ్యాయి.

ఆ దెబ్బతో ఇంట్లో పార్టీలు తారుమారయ్యాయి. బాపు, "మన లెక్క తెల్వని మిషన్ మనకెందుకు? వాపసిచ్చి మనది తెద్దాం" అని నాతోపాటు కరీంనగర్ వచ్చాడు. దుకాణదారు మన మిషన్ పెట్టె తీశాడు. అడుగున సన్నటి అక్షరాలు చదివాను. పేరు మనది, లోపలి సామాను బయటిది, బిగించింది మళ్ళీ మన దగ్గర. "అయితే గిది మనదా, కాదా?" అని బాపు అడిగాడు. దుకాణదారు ఇంకో పెట్టె తీయబోయాడు. ఇంతలో అవ్వ ఫోను చేసింది.

"దాన్ని వాపసియ్యకుండ్రి. నా రోగం పట్టింది అదే. మీరెవలన్న పట్టిండ్రా?"

మిషన్ పట్టుకొని ఇద్దరం బస్సెక్కాం. ఆ మిషన్ చాలా ఏళ్ళు మా ఇంట్లోనే ఉంది. లెక్క మారింది గానీ భాష మారలేదు. ఆమె తిట్టినప్పుడల్లా అవ్వ, "సరే తియ్యి తల్లీ, ఉప్పు తగ్గిస్త" అని జవాబు చెప్పేది.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. మొన్న మా అత్తమ్మకు కుక్కర్ కొందామని వెళ్ళి, ఒక చేతిలో ఫారిన్‌దీ ఒక చేతిలో మనదీ పట్టుకొని అరగంట నిలబడ్డాను. దిక్కుతోచక అవ్వకు ఫోను చేసి ఏది కొనమంటావని అడిగాను.

"ఎవలికే?"

"అత్తమ్మకు."

"మరి గామెనడిగినవా?"

అడగలేదు. అప్పుడు బాపునూ అడగలేదు, అవ్వనూ అడగలేదు. ఇన్నేళ్ళూ పెట్టెల మీది అక్షరాలు చదివాను గానీ ఆ ఒక్కటీ నాకు తట్టలేదు. అత్తమ్మకు ఫోను చేస్తే, "కుక్కర్ ఎందుకే, ఉన్నది మంచిగనే ఉంది. విజిల్ పోయింది, గంతే" అంది. విజిల్ ఒక్కటి కొనుక్కొని బయటికొచ్చాను. అది ఏ దేశంలో తయారైందో చూడలేదు. (చూద్దామనే పైకెత్తాను. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయాను.)