వాకిట్లో మెలికల ముగ్గు

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీ దగ్గర కక్కేస్తున్నాను.

అప్పుడు నేను ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి. నాన్న పోయాక ముదలియార్‌పేట ఇంట్లో అమ్మ, నేను, అంతే. అమ్మతోపాటు మిల్లులో పనిచేసే తంగం అక్కది సోలై నగర్. బస్సు తప్పిపోయిందంటూ మా ఇంట్లోనే ఉండిపోయేది. ఎన్ని బస్సులని తప్పుతాయి? నాకు అనుమానం పట్టుకుంది. నేను గదిలోకి రాగానే ఇద్దరి నవ్వూ ఎందుకు ఆగిపోవాలి? అమ్మ సగం తాగి పెట్టిన టీ ఆమె ఎందుకు తాగాలి? బట్టలు సర్దే నెపంతో అమ్మ బీరువా వెతికాను. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా ఒళ్లు మండింది.

నిజానికి నాకు తెలుసు. అమ్మకు ఆమె అంటే ప్రేమ. స్నేహం కాదు, భార్యాభర్తల మధ్య ఉంటుందే, అది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఒకరోజు పొద్దున్నే నాన్న చెల్లెలు ఒర్లియంపేట నుంచి వచ్చి వాకిట్లోనే ఆగిపోయింది. అమ్మ వేసేది నిలువు గీతల ముగ్గు. ఆ రోజు అక్కడున్నది చుక్కల చుట్టూ తిరిగే మెలికల ముగ్గు.

"ఇది మీ అమ్మ చెయ్యి కాదే. ఎవురు ఏసినారు పాపా?"

"తంగం అక్క, అత్తా. ఈడనే పండుకుంటాది. అమ్మతో ఒకే చాప మింద."

అత్త అడిగింది ముగ్గు గురించే. చాప సంగతి నేనెందుకు చెప్పాను? నోరు జారిందని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. జారలేదు. కావాలనే చెప్పాను.

ఆ వారమే నాన్న తరఫు పెద్దలు వచ్చి కూర్చున్నారు. పిల్లను తీసుకుపోతామని అమ్మను బెదిరించారు. తంగం అక్క మళ్లీ రాలేదు, మిల్లు కూడా మానేసింది. ఈ మాటలు మోసింది పక్కింటి సరోజక్కేనని అమ్మ అంది. ఆమెతో మాటలు మానేసింది. సరోజక్క ఒట్టు పెట్టుకుని ఏడుస్తుంటే నేను గుమ్మంలో నిలబడి చూశాను. నోరు విప్పలేదు.

మొన్న అమ్మ మోకాళ్లు పట్టేసి వంగలేకపోతే ముగ్గు నేను వేశాను. చెయ్యి దానంతటదే మెలిక తిప్పింది. తంగం అక్క నాకు నేర్పినదే. అమ్మ బయటికి వచ్చి దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి పాలకు వెళ్లింది.

అప్పటినుంచి కొత్త అనుమానం. అమ్మకు మొదటినుంచీ తెలుసా? నేనని తెలిసి, నన్ను తప్పించడానికే నింద సరోజక్క మీద వేసిందా? అడగలేను. అడిగితే అవునంటుందేమోనని భయం.

తంగం అక్క ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడిగి లాభమూ లేదు. ఒక్కసారి ఈ మాట బయటికి రావాలి, అంతే.

చెప్పింది సరోజక్క కాదు. నేను.