బోటనీ గరాజ్‌లో మంచూ ఉయ్యాల

ఈ ప్రయాణానికి మూలం గోబీ మంచూరియా. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. హామిల్టన్‌లో నేను పనిచేసే పాల పరీక్షల ల్యాబ్‌లో అప్పుడప్పుడూ అందరం ఇంటి నుంచి ఏదో ఒకటి వండి తెచ్చుకుంటాం. కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక మధ్యాహ్నం, నా పక్క టేబుల్ యింగ్ ముందు డబ్బా పెట్టి, "తిను, ఇది మీ వంటే, మంచూరియా" అని గొప్పగా చెప్పాను. ఆ అమ్మాయి ఒక ముక్క నమిలి, పడీ పడీ నవ్వింది. "మా నాన్న పుట్టింది పెరిగింది మంచూరియాలోనే. ఆయన జన్మలో ఇలాంటిది చూసి ఉండరు. కానీ బాగుంది, ఇంకొకటి ఇవ్వు" అంది. ఆ రోజే మొదటిసారి తెలిసింది, మంచూలు అనే జనం ఉన్నారని, వాళ్ళకు చైనీస్‌తో సంబంధం లేని సొంత భాష, పైనుంచి కిందికి రాసే సొంత లిపి ఉన్నాయని. కాలేజీలో చరిత్ర చదివాననుకునే నాకు అప్పటిదాకా మంచూరియా అంటే సోయా సాసే.

తర్వాత యింగ్ మార్క్ అనే కివీ కుర్రాడిని పెళ్ళి చేసుకుని ఆక్లాండ్ తూర్పున బోటనీ డౌన్స్‌కి మారిపోయింది. కిందటి నెల ఫోన్ చేసింది. పాప పుట్టింది. నాన్న చైనాలోని షెన్యాంగ్ నుంచి వచ్చి, గరాజ్‌లో కూర్చుని తన చేత్తో ఉయ్యాల చేస్తున్నారు. శనివారం పాపను అందులో వేస్తారు, ఆయన వచ్చే వారమే తిరిగి వెళ్ళిపోతారు. "ఆయన ఒక మంచూ పేరు అనుకున్నారు. ఇంటిపేరుతో సహా పైకి పిలవాలంటున్నారు. మార్క్ నీ ఇష్టమే అంటున్నాడు. నాకే తేలడం లేదు. లిల్లీ అని పెడితే స్కూల్లో ఎవరూ రెండోసారి అడగరు కదా. నువ్వు రా" అంది. పక్కనే వింటున్న మా అత్తమ్మ నాకంటే ముందు తేల్చేసింది: "ఉయ్యాలల ఏస్తున్నరంటే పోకుండ ఉంటమా? పోదాం పా."

శనివారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాం. హామిల్టన్ నుంచి బోటనీకి కారులో గంటా ఇరవై నిమిషాలు. ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకుని ఉత్తరానికి పోతుంటే వైకాటో నది కాసేపు పక్కనే వస్తుంది, పొగమంచు ఉంటే ఆవులు కనబడవు, అరుపులే వినబడతాయి. రాను పోను పెట్రోలు యాభై డాలర్ల దాకా అవుతుంది. పోకెనోలో ఆగి ఐస్‌క్రీమ్ తినకుండా ఆ దారిన వెళ్ళడం మా ఇంట్లో నేరం. చలికాలం పొద్దున్నే అయినా సరే. ఒక్క స్కూప్ అడిగితే కొండంత పెడతారు, మా ఇద్దరికీ ఒక్కటే సరిపోయింది. అక్కణ్ణుంచి సదరన్ మోటర్‌వే మీద మనుకావు దగ్గర దిగి, టె ఇరిరంగి డ్రైవ్ పట్టుకుంటే తిన్నగా బోటనీ.

వట్టి చేతులతో వెళ్ళలేక, మాల్ దగ్గర ఒక చైనీస్ బేకరీలో ఆగాం. అద్దాల వెనక పలకల్లా కోసిన స్వీటు చూసి అత్తమ్మ ఆగిపోయింది. "ఏందిది, మన గవ్వలు పాకంలేసి కుదించినట్టున్నది." కౌంటర్ దగ్గరున్నామెను అడిగితే, అది సచిమా అనీ, పిండిని సన్నగా కోసి వేయించి పాకంలో కలిపి అచ్చు పోస్తారనీ చెప్పింది. ఎవరింటికని అడిగింది. మంచూ వాళ్ళింటికి అన్నాను. "అయితే సరైనదే పట్టావు. ఇది మొదట వాళ్ళదే. ఇప్పుడు మేమంతా మాదే అనుకుంటున్నాం" అని నవ్వి, ప్యాకెట్‌లో రెండు ముక్కలు ఎక్కువ వేసింది. ప్యాకెట్ ఎనిమిది డాలర్లు.

యింగ్ ఇంటి గుమ్మానికి కుడిపక్క ఎర్రగుడ్డ పేలిక ఒకటి వేలాడుతోంది. ఆడపిల్ల పుడితే మంచూలు అలా కడతారట, మగపిల్లాడైతే ఎడమపక్క చిన్న విల్లూ బాణమూ. వేటాడి బతికిన జనం మరి. పక్కింటి కివీ పెద్దాయన ఆ గుడ్డ చూసి, ఇక్కడ వేలం వేసే ఇళ్ళ ముందు పెట్టే ఎర్రజెండా అనుకుని, ఇల్లు అమ్మకానికి పెట్టారా అని కంగారుగా అడిగి వెళ్ళాడని యింగ్ చెప్పింది. కళ్ళ కింద నల్లటి చారలు, ముఖంలో మాత్రం వెలుగు. ఏం నిర్ణయించుకున్నావని కళ్ళతోనే అడిగాను. ఇంకా లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

యింగ్ వాళ్ళ నాన్న గువాన్ గారు రిటైరైన లెక్కల మాస్టారు. సన్నగా, నిటారుగా ఉంటారు. ఇంగ్లీషు రాదు, యింగ్ ఆయన మాటను ఇంగ్లీషులోకి, నేను అత్తమ్మ కోసం దాన్ని తెలుగులోకి మారుస్తూ ఉన్నాం. ఇంట్లో కాకుండా గరాజ్‌లోకి ఎందుకు తీసుకెళ్తున్నారో లోపలికి వెళ్ళాక అర్థమైంది. అద్దె ఇంటి జిప్సం అట్టల సీలింగ్ ఉయ్యాల బరువు మోయదు, గరాజ్‌లోనే దూలాలు బయటికి ఉంటాయి. కారు బయట పెట్టి, నేల కడిగి, తివాచీ పరిచారు. మధ్యలో దూలం నుంచి నాలుగు తాళ్ళకు పడవలాంటి ఉయ్యాల వేలాడుతోంది. పలచటి చెక్కను స్నానాల తొట్టిలో నానబెట్టి, వంచి, రెండు చివరలూ పైకి లేపారు. ఎర్ర రంగు వేసి, పక్కల మీద నల్లటి నిలువు అక్షరాలు రాశారు.

"అడవిలో వేటకు పోయేవాళ్ళు పిల్లల్ని నేల మీద పెడితే జంతువులొస్తాయని చెట్టుకొమ్మకు కట్టేవాళ్ళు. తర్వాత ఇళ్ళల్లో దూలానికి కట్టారు. బీజింగ్ గద్దె మీద రెండున్నర శతాబ్దాలు కూర్చున్న చక్రవర్తుల జాతి కూడా ఇలాంటి ఉయ్యాలలోనే పెరిగింది" అని చెప్పారాయన. ఆ రాజ్యం పోయాక, అంటే 1912 తర్వాత, మంచూ అని చెప్పుకోవడమే ప్రమాదమైన రోజులొచ్చాయి. చాలామంది తమ వంశం పేరు దాచి చైనీస్ ఇంటిపేర్లు పెట్టుకున్నారు. ఇప్పుడు చైనాలో మంచూలమని రాయించుకునేవాళ్ళు కోటి దాటుతారు గానీ, తల్లి ఒడిలో ఆ భాష నేర్చినవాళ్ళు ఈశాన్యంలో కొద్దిమంది ముసలివాళ్ళే మిగిలారట. పడమరన ఒకప్పుడు కాపలాకు పంపిన షిబే అనే తెగ సైనికుల వారసులు మాత్రం దానికి దగ్గరి భాష ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఈయన రిటైరయ్యాక సాయంత్రం క్లాసులకు వెళ్ళి, అరవై దాటాక తన భాష అక్షరాలు దిద్దుకున్నారు.

మా అత్తమ్మ అంతా విని, మన వైపు ఎవరైనా అడిగే మొదటి ప్రశ్నే అడిగింది. "అన్నా, మరి మీ అసలు ఇంటిపేరు ఏంది?"

నా దగ్గర్నుంచి అందుకుని యింగ్ ఆ ప్రశ్న చెప్పగానే ఆయన ఉయ్యాల తాడు ముడి బిగించారు. ఆ తర్వాత "గువల్గియా" అన్నారు. గువాన్ అన్నది అందులోంచి మిగిలిన మొదటి ముక్క. "మా నాన్న నాకు దీన్ని ఒక్కసారే చెప్పారు, తలుపు వేసి. బయట అనొద్దన్నారు. మా అక్క ఈనాటికీ అనదు."

ఊరికే ఉండలేక, ఎదురుగా ఉన్న ఉయ్యాల అంచు పట్టుకుని మెల్లగా ఊపాను. అంతే. "ఖాళీ ఉయ్యాల ఊపకే!" అని అత్తమ్మ అరిచింది. అదే క్షణంలో గువాన్ గారు కూడా రెండు చేతులూ చాచి ఏదో గట్టిగా అరుస్తూ ఉయ్యాల పట్టుకుని ఆపేశారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తమ్మ ఏమన్నదో నేను ఇంగ్లీషులో చెప్పగానే యింగ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాన్న కూడా అదే అన్నారు. ఖాళీది ఊపితే పాపకు కడుపునొప్పి వస్తుందట!"

"మా దగ్గర గూడ గంతే!" అని అత్తమ్మ చంకలు గుద్దుకుంది. ఇక నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు. పాపను వేసే ముందు ఉయ్యాలలో రాతి పొత్రం పెట్టి ఊపాలి, పిల్ల రాయిలా గట్టిగా ఉండాలని, అని చేతులతోనే ఆయనకు పాఠం చెప్పేసింది. ఆయన వంటింట్లోకి వెళ్ళి వెల్లుల్లి దంచే రాతి రోలులోని బండ పట్టుకొచ్చారు. అత్తమ్మ దాన్ని కడిగించి, పసిపిల్లలా బట్టలో చుట్టి పడుకోబెట్టింది. ఇద్దరూ చెరో పక్కన నిలబడి ఆ వెల్లుల్లి బండను ఎంతో శ్రద్ధగా ఊపుతుంటే, మార్క్ నవ్వు ఆపుకోలేక ఫోన్‌లో షెన్యాంగ్‌కి వీడియో కాల్ కలిపాడు. గువాన్ గారి అక్క, ఎనభై దాటిన యింగ్ పెద్దత్త, తెర మీద కనబడింది.

బండను తీసి పాపను పడుకోబెట్టారు. గువాన్ గారు తాళ్ళు మరోసారి లాగి చూసి, వెనక్కి జరిగి నిలబడ్డారు. కూతురిని ఒక్క మాటా అడగలేదు. యింగ్ నా వైపు తిరిగింది. "మీలో పేరు ఎలా పిలుస్తారు?"

"పిల్ల చెవుల చెప్పాలె, తర్వాత అందరికీ ఇనబడేటట్టు పిలవాలె" అంది అత్తమ్మ. నేను ఇంగ్లీషులో చెప్పాను.

యింగ్ వంగి పాప చెవిలో ఏదో అంది. లేచి నిలబడింది. గరాజ్ తలుపు తెరిచే ఉంది, బయట వీధిలో ఎవరో కుక్కను తిప్పుతున్నారు. ఆ వీధికి కూడా వినబడేంత గట్టిగా పిలిచింది: "గువల్గియా ఇల్హా!" ఇల్హా అంటే పువ్వు.

గువాన్ గారు కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. ఫోన్‌లో పెద్దత్త కదలకుండా కూర్చుంది. తెర ఆగిపోయిందేమోనని మార్క్ ఫోన్ అటూ ఇటూ కదిపాడు. ఆగిపోలేదు. ఆమె పెదవులు కదిలాయి, "గువల్గియా" అంది మెల్లగా. తర్వాత ఎవరూ అడగకుండానే మళ్ళీ అంది, ఈసారి గట్టిగా.

తిరుగుదారిలో నాకు గర్వంగా ఉంది, అది చెప్పడానికి మొహమాటం ఎందుకు? యింగ్‌ను చూసి గర్వం, అరవై దాటాక అక్షరాలు దిద్దిన మాస్టారిని చూసి గర్వం, ఒక్క ఇంగ్లీషు ముక్క రాకుండా ఆ గరాజ్‌లో పెద్దరికం చేసొచ్చిన మా అత్తమ్మను చూసి ఇంకా ఎక్కువ గర్వం. ఒక జాతి ఎన్ని సింహాసనాలు ఎక్కినా భాష దానంతటదే నిలబడదు. ఎవరో ఒకరు నిద్ర మానుకుని, ఒక పసిపిల్ల చెవిలో చెప్పాలి. తెలుగులో నేనడిగే ప్రతిదానికీ ఇంగ్లీషులో జవాబిచ్చే మా అమ్మాయి ఇంట్లో ఉంది. ఆ సాయంత్రం దానికి మా ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందో కథంతా చెప్పాను. విసుక్కుంది, కానీ చివరిదాకా కూర్చుంది.

బోటనీ వైపు వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. సచిమా కావాలంటే శనివారం పది లోపే వెళ్ళండి, తర్వాత దొరకదు. దాన్ని పట్టుకుని ఏ మంచూ ఇంటికైనా వెళితే, మన వాళ్ళను అడిగినట్టే అసలు ఇంటిపేరు ఏమిటని అడగండి. జవాబు వెంటనే రాకపోతే తొందరపెట్టకండి, అది చాలా దూరం నుంచి రావాలి.