మాట్లాడితే వెదురు దెబ్బ

మా అమ్మమ్మ హ్వాంగ్ మల్సున్ టీ కొట్లో మాట్లాడటం నేరం. సియోల్‌లో పాతపేట బుక్‌చోన్ సందులన్నిటిలోకీ ప్రశాంతమైన చోటు అదేనని పేరు. ఆ ప్రశాంతతకి కారణం ఆవిడ చేతిలో ఉండే చీల్చిన వెదురుకర్ర. ఎవరైనా పెదవి కదిపితే చాలు, దాన్ని అరచేతిలో ఠపీమని కొట్టి "నిశ్శబ్దం!" అని అరుస్తుంది. ఆ అరుపుకి పెంకుల మీది పావురాలు పక్క పేటకి లేచిపోతాయి.

సియోల్ జనానికి సరిగ్గా అదే నచ్చింది. ప్రశాంతత కోసం ఒకర్నొకరు తోసుకుంటూ వచ్చేవాళ్ళు. వచ్చి దాన్ని ఫోటో తీసేవాళ్ళు. మా దేశంలో ఏ ఫోన్‌కీ ఫోటో చప్పుడు ఆపే వీల్లేదాయె. టిక్, టిక్, ఠపీ!

"అవ్వా, రేగుపళ్ళ టీ ఒకటి" అంటే ఠపీ. "మరెలా అడగాలి?" అంటే ఇంకో ఠపీ. పాపం ఒకాయన బల్ల మీద వేలితో గిన్నె బొమ్మ గీసి చూపించాడు. "గోటి చప్పుడు!" అంది.

మా అమ్మ నెత్తి కొట్టుకునేది. "పెళ్ళిచూపుల జంటని కూడా మాట్లాడనివ్వకపోతే ఎలాగమ్మా?"

"గంటసేపు నోరు మూసుకుని కూర్చోగలిగితే కాపురం నిలుస్తుందే. అదే పరీక్ష."

ఆ జంట పెళ్ళి చేసుకుంది. ఈవిడని మాత్రం పిలవలేదు.

రోజూ తప్పకుండా వచ్చేది ఎదురింటి ప్యో మాస్టారు. ముప్పయ్యేళ్ళు బళ్ళో డిక్టేషన్ చెప్పి, అక్షరం తప్పితే చేతులు వాయగొట్టిన మనిషి. మూడేళ్ళ కిందట మెదడుకి జబ్బుచేసి లేచాక ఆయన నోట ఒక మాటకి బదులు ఇంకో మాట వచ్చేది. చేపల కొట్లో "గొడుగు తూచమ్మా" అన్నారట. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఇల్లు కదలడం మానేశారు, ఈ కొట్టుకి తప్ప. ఇక్కడ ఎవరూ పలకరించరుగా!

మొన్న చలికాలంలో ఒకరోజు కొట్టు కిటకిటలాడుతోంది. ఏం తోచిందో, మాస్టారు మూడేళ్ళలో మొదటిసారి గొంతు విప్పారు.

"అమ్మా, వేడిగా ఇంకో చెప్పు ఇవ్వండి."

ఎవరో కిసుక్కుమన్నారు. ధ్యానం క్లాసులకి వెళ్ళే ఒకావిడ "ష్ష్!" అంది. మాస్టారి మొహం మాడిపోయింది. కోటు అందుకున్నారు. ఆయన ఇవాళ గడప దాటితే ఇక రారని అమ్మమ్మకి తెలుసు.

ఠపీ! ఈసారి కర్ర ధ్యానం ఆవిడ బల్ల మీద పడింది.

"ష్ అనడానికి నువ్వెవరు?"

"నిశ్శబ్దం అని మీరే కదవ్వా అన్నది!"

"నిశ్శబ్దం అన్నది ఈయన్ని ఎవరూ ఏమీ అడక్కూడదనే తల్లీ! ఆయనంతట ఆయన అడిగితే నీకేం నొప్పి? ఈ గొంతు వినాలని మూడేళ్ళుగా చూస్తున్నా!"

అనేశాక నాలుక కరుచుకుంది. అప్పటికే కొట్టంతా విన్నది, మాస్టారూ విన్నారు. చెవులు ఎర్రగా చేసుకుని లోపలికి పారిపోయి, గిన్నెతో తిరిగొచ్చింది.

"ఇదిగోండి మాస్టారూ, మీ చెప్పు. కాలుతోంది, ఊదుకుని తాగండి."

మాస్టారు కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ధ్యానం ఆవిడ కాసేపు తల దించుకుని, మెల్లగా చెయ్యెత్తింది.

"అవ్వా, నాకూ ఒక చెప్పు."

"తప్పు!" అన్నారు మాస్టారు, వేలు ఝుళిపించి. "చెప్పు కాదు. తలగడ అనాలి."

తెలిసి అన్నారో తెలియక అన్నారో ఇప్పటికీ తేలలేదు. అమ్మమ్మ మాత్రం వంటింట్లో ఉన్న మా అమ్మకి కేకేసింది:

"ఒసేవ్, ఇక్కడొక తలగడ! అల్లం ఎక్కువెయ్!"