బాపు పాస్‌పోర్ట్ జిరాక్స్

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ నర్సింగ్ చదువుతున్న రోజులవి. మా ఊరు కోరుట్ల వైపు ఇబ్రహీంపట్నం దగ్గర. బాపు మస్కట్‌లో మేస్త్రీ పని చేసి నా ఫీజు కట్టేవాడు. రెండో ఏడాది కంపెనీ జీతాలు ఆపేసింది. ఫీజు గడువు దగ్గర పడింది.

ఒక మధ్యాహ్నం కోరుట్ల నుంచి బాపు తమ్ముడు, మా కాక, ఫోన్ చేశాడు.

"బిడ్డా, మీ బాపు పాస్‌పోర్ట్ జిరాక్స్ నీ దగ్గరున్నదా? జల్ది వాట్సాప్ జెయ్యి" అని పెట్టేశాడు.

మా వైపు ఇంటివాళ్లను హడావుడిగా ఆ జిరాక్స్ అడిగారంటే, గల్ఫ్ నుంచి శవపెట్టె రావాల్సి ఉందనే అర్థం. బాపుకి చేశాను. స్విచాఫ్. కాక ఎత్తలేదు.

నా క్లాసులో మణిపూర్, కశ్మీర్, కేరళ అమ్మాయిలుండేవారు. ఏమైందని అందరూ చుట్టూ మూగారు. "మా కాక ఫోన్ చేసి, నాన్న పాస్‌పోర్ట్ కాపీ అడిగాడు" అన్నాను. వాళ్లకేమీ అర్థం కాలేదు. కేరళ పిల్ల ఆన్సీ మాత్రం ఏమీ అడక్కుండా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి కాకే మళ్లీ చేశాడు. "బ్యాంకుల ఉన్న బిడ్డా. నీ సదువు లోన్ అడుగుదామని అచ్చిన. బాపు కాగితాలు గావాల్నంట. ఇంక పంపకపోతివేంది?"

సాయంత్రం పని దిగి బాపు ఫోన్ చేశాడు. జరిగింది చెప్పి ఏడ్చాను. "పిచ్చిదానా, నీ సదువు ఒడువక ముందే నేనెట్ల పోత?" అని నవ్వాడు.

ఆన్సీ నా ఫోన్ తీసుకుని, తెలుగు రాకపోయినా ఆ గొంతు కాసేపు వింది. గల్ఫ్‌లో పనిచేసిన వాళ్ల నాన్న పాస్‌పోర్ట్ కాపీ ఇలాగే అడిగితే, వెతికిచ్చింది తనేనని అప్పుడు చెప్పింది.