పలకల అవ్వ విన్న రాయి

మా మ్యూజియం ఆఫీసు గదిలో నా కుర్చీ గోడకు ఆనుకుని ఉంటుంది. ఆరేళ్లుగా వీపు వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగి చూస్తుంటాను. గోడే ఉంటుంది.

ఈ రోజు బౌద్ధ శిల్పాలను చూసి తమకు తోచింది చెప్పమని చుట్టుపక్కల ఊళ్లవాళ్లను పిలిచాం. యర్రగొండపాలెం రైతులు, గిద్దలూరులో బట్టల దుకాణం నడిపే ఆయన, మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసిన ఓబులమ్మవ్వ వచ్చారు. హాల్లో గోడవారగా నిలబెట్టిన బుద్ధుడి రాతిఫలకం ముందు అందరూ తలా ఒక మాట చెప్పారు. అవ్వ మాత్రం బొమ్మను చూడనే లేదు. ముట్టుకోవద్దని నేను అనేలోపే వేలి కణుపుతో మూడు చోట్ల కొట్టి, చెవి ఆనించింది. ఫ్యాక్టరీలో బీటలున్న పలకల్ని అట్లాగే ఏరేసేదట.

“పగిలిందా అవ్వా?” అని అడిగాను.

“పగల్లేదు పాపా. ఒక్కోచోట ఒక్కో తీరుగా మోగుతాంది. ఎనకపక్క గూడా చెక్కినారు. ఎవురో ఉండారు.”

మా రికార్డులో వెనకవైపు చదునని రాసి ఉంది. నవ్వుకుంటూనే రాయికీ గోడకూ మధ్య సందులో ఫోన్ దూర్చి, లైటు వేసి ఫొటో తీశాను. ఏడుగురు మనుషులు. వరసగా నిలబడి, చేతులు జోడించి, కళ్లు విప్పార్చి గోడకేసి చూస్తున్నారు.

ఆ గోడకు అవతలే నా కుర్చీ.

సాయంత్రం కుర్చీని గోడకు ఎదురుగా తిప్పుకుని ఈ పోస్టు రాస్తున్నాను. భయం కాదు, మర్యాద. మీరైతే ఎటు తిరిగి కూర్చుంటారు?