షుగర్ క్యాండీకి కుల ధ్రువపత్రం

మా ఇంగ్లిష్ సార్ పోయారని మొన్న నిజామాబాద్ బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది. నాది బోధన్‌లో తాసిల్ ఆఫీసు ఎదుట జిరాక్స్ దుకాణం. పదో తరగతి ఇంగ్లిష్‌లో సార్ నన్ను రెండుసార్లు ఫెయిల్ చేశారని చెప్పుకు తిరిగినవాణ్ని. ఫెయిలయింది నేనే.

రిటైరయ్యాక సార్ పెన్షన్ కాగితాలతో వచ్చేవారు. జిరాక్స్ అయ్యేలోపు ఏదో ఒక ఇంగ్లిష్ మాటకు తాతముత్తాతలెవరో చెప్పేవారు. ఒకరోజు కలకండ చప్పరిస్తూ అన్నారు:

"షుగర్ క్యాండీ అంటరు సూడు, రెండు ముక్కలూ మనయే. మన శర్కర పర్షియాకు పోయి షకర్ అయింది, అరబ్బుల దగ్గర సుక్కర్, ఇంగ్లండ్ చేరేసరికి షుగర్. ఖండమంటే ముక్క. అదీ గదే తొవ్వల పోయి క్యాండీ అయింది. నా నోట్లున్న కలకండల కండ గదే. మాటకు కాళ్లుంటయిరా, పాస్‌పోర్టు ఉండది."

"గట్లయితే ఇంగ్లండ్ రాణి నాకు మేనత్తనా సార్?" అన్నాను. దుకాణమంతా నవ్వింది. సార్ కూడా నవ్వారు.

అక్కడ ఆగాల్సింది. మర్నాడు ఆయన గేటుకు కాగితం అంటించాను: "ఇచ్చట ఇంగ్లిష్ మాటలకు కుల ద్రువపత్రములు ఇవ్వబడును." వారం రోజులు ఊరంతా అదే నవ్వు. "సార్, మా బనియన్‌ది ఏ కులం?" అని కూరగాయల మార్కెట్‌లో కూడా అడిగారట.

సార్ ఆ కాగితం మడిచి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. 'ద్రు'ను ఎర్ర సిరాతో 'ధ్రు'గా దిద్ది ఉంది. "జోకు మంచిగుంది. అక్షరమే మంచిగ లేదు" అన్నారు. ఆ తర్వాతా వచ్చేవారు. కాగితాలు ఇచ్చి, తీసుకుని పోయేవారు. ఒక్క మాట పుట్టుక కూడా మళ్లీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆయన నోరు మూయించింది నేనని తెలిసే అడగలేదు.

ఈమధ్య డిగ్రీ చదివే నా బిడ్డ డిక్షనరీ తెరిచి చూపింది. "బాపూ, సార్ చెప్పింది నిజమే. నువ్వు ఊరంత నవ్విపిచ్చినవ్." పోయి తప్పయిందని చెప్పాలనుకున్నాను. ముఖం చెల్లలేదు. ఇయ్యాల, రేపు అంటూ నెల గడిపాను.

సంతాప సభలో నన్నూ మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడ్డానో లేదో, నోరు తెరవకముందే జనం నవ్వు మొదలుపెట్టారు.

"సార్ చెప్పింది నిజం. షుగరూ క్యాండీ రెండూ మన దగ్గరికెల్లి పోయినయే. తప్పు నాది" అన్నాను.

ఇంకా గట్టిగా నవ్వారు. ముందు వరుసలో సార్ భార్య మాత్రం, పక్కన నవ్వుతున్నామె చేయి పట్టి ఆపి, కొంచెం ముందుకు వంగి, నా తర్వాతి మాట కోసం చూస్తూ కూర్చున్నారు.