పరీక్ష చక్రాలు

మావయ్య ఇంటి బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదు. అక్కడ నాలుగు కారు చక్రాలు ఒకదాని మీద ఒకటి, పాత దుప్పటి కప్పుకుని ఉండేవి. ఇల్లాలు ఏళ్ల తరబడి సణుగుతూనే ఉంది, ఆయన వింటూనే ఉన్నాడు. పరాయి దేశమొచ్చి గోడలకు రంగులేసుకుని బతికే మనిషికి ఇంట్లో సణుగుడు, పనిలో అరుపులు రెండూ అలవాటే.

ఆయన ఒకరిద్దరికి కాదు, ఆ చుట్టుపక్కలున్న మనవాళ్లందరికీ మావయ్యే. ఆ హోదా వయసు వల్ల రాలేదు, చక్రాల వల్ల వచ్చింది.

ఆ దేశంలో ఏటేటా బండిని పరీక్షకు తీసుకెళ్లాలి. బ్రేకులు తొక్కి చూస్తారు, లైట్లు వేసి చూస్తారు, పొగ కొలుస్తారు, టైరు గాడిలో చిన్న కొలబద్ద గుచ్చి చూస్తారు. అది పాసైతేనే రోడ్డు టాక్సు కట్టించుకుంటారు. అద్దం మీద టాక్సు స్టిక్కరు లేకపోతే పోలీసులు బండి ఎత్తుకుపోతారు. పైగా వలస వచ్చినవాడి మీద కేసంటే వీసా దగ్గర పీటముడి పడుతుంది. మనవాళ్ల బండ్లేమో అన్నీ ముసలివి. ఇంజన్‌ని ఎలాగో బతిమాలుకుంటారు గానీ టైర్ల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తారు.

అందుకని ఎప్పుడో కొందరు చందాలేసుకుని రిమ్ములతో సహా ఒక సెట్టు కొత్త టైర్లు కొన్నారు. ఎవరి పరీక్ష వస్తే వాళ్ల బండికి అవి ఎక్కుతాయి. పాసవగానే దిగిపోతాయి, అరిగినవి మళ్లీ ఎక్కుతాయి. ఈ ఏర్పాటు చెడకుండా, కొత్తగా ఎవరొచ్చినా అందరిదీ ఏ మోడలో అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ కారు కొనిపించేవారు. ఇంకో బండి బాగుందని ఎవరైనా నసిగితే, దానికి మన చక్రాలు పట్టవని నోరు మూయించేవారు. బండిని చూసి చక్రాలు కొనేవాళ్లు లోకమంతా ఉన్నారు. చక్రాలను చూసి బండి కొన్న ఘనత మాత్రం మనవాళ్లదే.

జాకీ ఎత్తడం, నట్లు విప్పడం, మళ్లీ బిగించడం మావయ్య వంతు. ఆయన చెయ్యి పడ్డ బండి ఒక్కటీ పరీక్ష తప్పలేదు. నలుగురూ టీ తాగే చోట ఎవరైనా ఆ మాటంటే, వినపడనట్టు మొహం పెట్టి రెండోసారి అనిపించుకునేవాడు.

ఈ ఏడు ఆయన కూతురికి పక్క ఊళ్లో కళ్లద్దాల షాపులో ఉద్యోగం దొరికింది. రోజూ హైవే మీద వెళ్లి రావాలి. తండ్రి మాట జవదాటని పిల్ల, అదే మోడల్ కారు కొనుక్కుంది. పరీక్ష రోజున మావయ్య చక్రాలు మార్చాడు, బండి పాసైంది. టాక్సు స్టిక్కరు ఆ పిల్లే అద్దానికి అంటించి, బుడగలు లేకుండా గోటితో నొక్కి మురిసిపోయింది.

ఆ సాయంత్రం పాత చక్రాలు బిగిద్దామని ఆయన కిందికి దిగాడు. సన్నగా జల్లు పడుతోంది. జాకీ ఎత్తి, పాత చక్రాన్ని దగ్గరికి దొర్లించుకుని, టైరు మీద అరచెయ్యి వేశాడు.

గోడ మీద చెయ్యి రాస్తే చాలు, లప్పం ఇంకో పూత పట్టించాలో లేదో ఆయనకు తెలిసిపోతుంది. ఇప్పుడా చెయ్యి టైరు మీద ఎక్కడా ఆగలేదు. రంగుకు సిద్ధమైన గోడలా నున్నగా ఉంది. ఎన్ని బండ్లకు ఇలాంటివి బిగించాడో, ఏనాడూ చెయ్యి రాసి చూడలేదు. తడిసిన హైవే, దాని మీద కూతురు గుర్తొచ్చి ఆయన ఆ చక్రాన్ని పక్కకు దొర్లించేశాడు.

అయిపోయిందా నాన్నా అని కూతురు కిటికీలోంచి అడిగింది. అయిపోయిందమ్మా అని జాకీ దించేశాడు. కొత్త చక్రాలు బండికే ఉండిపోయాయి. పాతవి బాల్కనీకి చేరి, దుప్పటి కప్పుకుని, చూసేవాళ్లకు ఎప్పటి చక్రాల్లాగే కనిపించాయి.

తర్వాతి వంతు రొట్టెల వ్యాను నడిపే డ్రైవరుది. తన సొంత కారు టాక్సు గడువు ఆ వారంతో ముగిసిపోతుందని అతను ముందే చెప్పి ఉంచాడు. ఇవ్వనంటే నమ్మకద్రోహం. ఇస్తే కూతురి బండికి ఆ నున్నటివి. రెండింటికీ మధ్య దారి కోసం మావయ్య వెతికాడు గానీ దొరకలేదు.

డ్రైవరు వచ్చి, అలవాటుగా దుప్పటి ఎత్తాడు. చక్రాలను చూశాడు, మావయ్యను చూశాడు.

"అమ్మాయి బండికే ఉంచేశాను అల్లుడూ," అన్నాడు మావయ్య. "చేతులు రాలేదు. పద, విప్పి ఇచ్చేస్తాను. నీ వంతు నీకు రావాలి."

అతను కోప్పడి ఉంటే మావయ్యకు తేలికయ్యేది. అతను బాల్కనీ గట్టుకు ఆనుకుని, కిందికి చూస్తూ చెప్పాడు.

"పోయినేడు నువ్వు నా పాతవి బిగించిన వారానికే వాన పడింది మావయ్యా. స్కూలు దగ్గర మలుపులో బండి గిర్రున తిరిగిపోయింది. వెనక సీట్లో పిల్లలు నవ్వారు. ఆటనుకుని, ఇంకోసారి తిప్పు నాన్నా అన్నారు."

"నాకు చెప్పలేదే."

"చెబితే నువ్వు స్పానరు ముట్టుకోవని భయమేసింది. అప్పుడు మా టాక్సులన్నీ ఎలా?"

ఆ నట్లు మావయ్య తన చేత్తోనే బిగించాడు. వదులవుతాయేమోనని కాలితో తొక్కి మరీ బిగించాడు. ఆ పిల్లలకు పుట్టినరోజున చాక్లెట్లు పట్టుకెళ్లేదీ తనే. అయినా మాట మాటేనని స్పానరు తీసుకుని మెట్ల వైపు నడిచాడు. డ్రైవరు ఆ స్పానరు పట్టుకుని ఆపాడు. ఆ చక్రాలు విప్పొద్దన్నాడు.

ఇద్దరూ టైర్ల షాపుకు వెళ్లారు. ఇన్నేళ్లూ పంక్చర్లకూ గాలికీ తప్ప వాళ్లు ఆ గడప తొక్కింది లేదు. కొత్త టైర్లు కావాలంటే షాపాయన మొదట నమ్మలేదు. డ్రైవరు వాయిదాల సంగతి ఎత్తబోయాడు. మావయ్య మాత్రం గోడల్ని చూస్తున్నాడు. మనిషెత్తు వరకూ నల్లటి చేతి ముద్రలు, ఆ పైన పెచ్చులు. అలవాటుగా అరచెయ్యి వేసి రాశాడు.

"లోపలంతా, బయట ముందు గోడా రంగులేసి పెడతాను. మీరు ఈ అబ్బాయికి టైర్లు వెయ్యండి," అన్నాడు.

షాపాయన గోడను చూశాడు, మావయ్య చొక్కా మీది రంగు మరకలను చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, ఒప్పుకున్నాడు. డ్రైవరు బండి ఆ పూటే కొత్త కాళ్లతో పరీక్షకు వెళ్లి పాసైంది. విప్పిన పాతవి షాపు వెనక చెత్త టైర్ల గుట్టలో పడ్డాయి. బాల్కనీలోవి కూడా తెచ్చి రిమ్ములు విప్పించి, టైర్లు అక్కడే పడేశాడు మావయ్య. మర్నాడు బాల్కనీలో బట్టలు ఆరేసిన ఇల్లాలు, ఇంత గాలి వస్తుందని ఇన్నాళ్లూ తెలియనే లేదంది.

ఆ ఆదివారం షాపులో మావయ్య నిచ్చెన మీదుండి గోడ పెచ్చులు గోకుతున్నాడు, డ్రైవరు కింద లప్పం కలుపుతున్నాడు. ఫోను మోగింది. వచ్చే నెల పరీక్ష ఉన్నవాడు. చక్రాలు ఖాళీగా ఉన్నాయా మావయ్యా అని అడిగాడు.

మావయ్య గోకుడు రేకు పక్కన పెట్టాడు.

"నీ బండిలో ఎవరెవరు ఎక్కుతారో చెప్పు."

అతనికి అర్థం కాలేదు. ఎవరేంటి మావయ్యా, నేనే, అన్నాడు. తర్వాత భార్య అన్నాడు. మొన్ననే ఊరి నుంచి దిగిన అత్తగారిని చెప్పాడు. చంటిదాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది కూడా అందులోనే అన్నాడు. చెబుతూ చెబుతూ అతని గొంతు నెమ్మదించింది. మావయ్య మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు.

"అయితే పాత బట్టలేసుకుని ఇప్పుడే రా," అన్నాడు. "టైర్ల షాపులో ఉన్నాం. వెనక గోడ నీ టైర్ల కోసం ఉంచాను."